అమెరికాలో మీ ఇమిగ్రేషన్ ఫైల్ కాపీ కావాలా? అడిగేది మీరేనని ఎలా నిరూపించుకోవాలి?

ఉద్యోగం మారారు, పాత కంపెనీ ఐ-140 (మీ గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసిన పిటిషన్) కాపీ ఇవ్వనంటోంది, కొత్త లాయరేమో ప్రయారిటీ డేట్ (గ్రీన్ కార్డు క్యూలో మీ స్థానం చెప్పే తేదీ) కోసం అదే కావాలంటున్నాడు. హెచ్-1బి వర్క్ వీసా మీద ఉన్న మనవాళ్ళకి బాగా తెలిసిన తలనొప్పే ఇది. దానికోసం కంపెనీని బతిమాలుకుంటూ కూర్చోనక్కర్లేదు, యూఎస్‌సీఐఎస్ అనే ఇమిగ్రేషన్ ఆఫీసు దగ్గరున్న మీ ఫైల్ కాపీని ఫోయా (మన సమాచార హక్కు లాంటిది) చట్టం కింద మీరే అడగొచ్చు. 1966లో వచ్చిన ఈ చట్టానికి మీరు సిటిజన్ కానక్కర్లేదు, గ్రీన్ కార్డూ అక్కర్లేదు. ప్రభుత్వం దగ్గరున్న వ్యక్తిగత రికార్డులకి సంబంధించిన 1974 నాటి ప్రైవసీ యాక్ట్ మాత్రం ఆ రెండు రకాల వాళ్ళకే.

చిక్కల్లా ఒకచోటే. ఆ ఫైల్లో మీ పాస్‌పోర్ట్ కాపీలు, అడ్రసులు, జీతం అన్నీ ఉంటాయి కాబట్టి, అడిగేది మీరేనని తేలందే ఒక్క పేజీ కూడా బయటికి రాదు. మన ఊళ్ళో అయితే కౌంటర్ దగ్గర ఆధార్ చూపించి పని కానిచ్చేస్తాం. ఇక్కడ మొహం చూసేవాళ్ళు ఎవరూ ఉండరు. మీరిచ్చిన వివరాలు ఫైల్లో ఉన్నవాటితో కలుస్తున్నాయా, సంతకంతో పాటు ప్రమాణం ఉందా అన్నవే చూస్తారు.

ముందు వివరాలు పోగేసుకోండి. పూర్తి పేరు, ఇప్పటి అడ్రసు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు తప్పనిసరి. ఎ-నంబర్, అంటే ఇమిగ్రేషన్ వాళ్ళు మీకిచ్చిన నంబర్, ఉంటే అదీ (చదువు తర్వాత ఓపీటీ మీద పనిచేసినప్పుడు వచ్చిన ఈఏడీ, అంటే వర్క్ పర్మిట్ కార్డు మీద ఉంటుంది, చాలామంది మర్చిపోతారు), ఐ-140 రిసీట్ నంబర్ తెలిస్తే అదీ ఇవ్వండి.

మన పేర్లతో వచ్చే గొడవంతా ఇక్కడే. ఇంటిపేరు ముందు రాసే అలవాటు మనది, దాన్ని చివరికి తోసే పద్ధతి వాళ్ళది. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే ఇంకా తమాషా, వీసా మీద మీ పేరంతా సర్‌నేమ్ అయిపోయి, అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. కాబట్టి ఇప్పుడు మీరు వాడే పేరొక్కటే రాసి వదిలేయకండి. అప్పట్లో ఫారాల మీద ఎలా పడిందో అలా, పెళ్ళయ్యాక ఇంటిపేరు మారితే పాతదీ కొత్తదీ, అన్నీ వేరే పేర్ల గడిలో రాయండి. పుట్టినరోజు ఇంట్లో చేసుకునేది కాదు, పాస్‌పోర్ట్‌లో ఉన్నదే. ఊరూ అంతే, అందులో గుంటూరు అని ఉంటే మీరు తెనాలి అని రాస్తే లేనిపోని అనుమానం.

తర్వాత యూఎస్‌సీఐఎస్ సైట్లో ఫోయా పేజీకి వెళ్ళి అకౌంట్ తెరిచి రిక్వెస్ట్ పెట్టండి. ఏం కావాలో సూటిగా రాయండి, "ఐ-140 పిటిషన్, అప్రూవల్ నోటీసు" అంటే చాలు. మొత్తం ఫైల్ అడిగితే కాంప్లెక్స్ ట్రాక్‌లో (క్లిష్టమైన రిక్వెస్టుల వరుసలో) పడి ఆలస్యమవుతుంది.

ఇక ప్రమాణం. ఉత్తరం రూపంలో అడిగే ఏ ఫెడరల్ ఆఫీసుకైనా దాదాపు ఇదే పద్ధతి: నోటరీ ముందు సంతకం, లేదా నోటరీ లేకుండా "ఐ డిక్లేర్ అండర్ పెనాల్టీ ఆఫ్ పెర్జురీ దట్ ద ఫోర్‌గోయింగ్ ఈజ్ ట్రూ అండ్ కరెక్ట్" (పైన రాసిందంతా నిజం, అబద్ధమైతే శిక్షకి లోబడతాను) అని రాసి, తేదీ వేసి సంతకం. సెలవుకి ఇండియా వెళ్ళి అక్కడినుంచి సంతకం పెడుతుంటే "పెర్జురీ" తర్వాత "అండర్ ద లాస్ ఆఫ్ ద యునైటెడ్ స్టేట్స్ ఆఫ్ అమెరికా" అని కలపాలి, చట్టంలోనే అలా ఉంది. నన్నడిగితే నోటరీ కోసం తిరగడం దండగ. కానీ ఈ వాక్యాన్ని తేలిగ్గా తీసుకోకండి, అబద్ధపు సాకుతో ఇంకొకరి రికార్డు తెప్పించుకుంటే ప్రైవసీ యాక్ట్ కింద 5,000 డాలర్ల దాకా జరిమానా ఉంది.

భార్య ఫైల్ భర్త అడగాలన్నా ఆమె సంతకం చేసిన అనుమతి పత్రం జత చేయాల్సిందే. మైనర్ పిల్లలకైతే తల్లో తండ్రో అడగొచ్చు, బర్త్ సర్టిఫికెట్ పెట్టాలి. చనిపోయినవాళ్ళ ఫైల్‌కి మరణ ధ్రువీకరణ పత్రం కావాలి.

ఎఫ్‌బీఐ దగ్గరున్న మీ క్రిమినల్ హిస్టరీ రికార్డు సంగతి వేరు. కెనడా పీఆర్‌కి వెళ్ళేవాళ్ళు తెప్పించుకునేది అదే. దానికి వేలిముద్రలే గుర్తింపు, ఫీజు 18 డాలర్లు.

చట్టం ప్రకారం 20 పని దినాల్లో జవాబు రావాలి, ఇంకో 10 పొడిగించుకోవచ్చు, వాస్తవంలో ఎక్కువే పట్టొచ్చు. మధ్యలో గుర్తింపు సరిపోలేదని మెసేజ్ వస్తే వెంటనే జవాబివ్వండి, లేకపోతే రిక్వెస్ట్ మూసేస్తారు. పీడీఎఫ్ వచ్చాక కొన్ని చోట్ల నల్లగా కొట్టేసి ఉంటుంది, కంపెనీ ఆర్థిక వివరాలు అలాగే పోతాయి. మీకు కావాల్సింది ప్రయారిటీ డేట్ ఉన్న పేజీ. అదే లేకపోతే అప్పీలుకి 90 రోజులు టైముంది.