అమృత్ అరుదైన సీసాలు చేతికి దొరికితే పోల్చి రుచి చూడటం ఎలా

బెంగళూరు విస్కీ కంపెనీ అమృత్ వాళ్ల పోర్టోనోవానో, స్పెక్ట్రమో, నారంగీనో ఎవరైనా విదేశాల నుంచి తెచ్చిచ్చారనుకోండి, మనవాళ్లు చేసే పని దాదాపు ఒకటే. నలుగురు కూర్చుని, ఆ ఒక్క సీసా మూత తీసి, ఐసు వేసుకుని, పక్కన చికెన్ పకోడీ పెట్టుకుని, అర్ధరాత్రికల్లా సగం ఖాళీ చేస్తారు. సరదాకైతే ఏ అభ్యంతరమూ లేదు. కానీ మళ్లీ దొరుకుతుందో లేదో తెలియని విస్కీని నిజంగా తెలుసుకోవాలనుకుంటే మాత్రం ఒక్క విషయం గట్టిగా చెప్తాను: అరుదైన సీసాను ఒంటరిగా తెరవకండి. దాని పక్కన అదే డిస్టిలరీ వాళ్ల మామూలు సీసా ఒకటి ఉండి తీరాలి. లేకపోతే మీ నోటికి తగిలిన రుచిలో డిస్టిలరీది ఎంత, విస్కీని నిల్వ ఉంచిన చెక్క పీపాది ఎంత అనేది ఎప్పటికీ తేలదు.

అమృత్‌నే ఎందుకు తీసుకున్నానంటే, ఈ రకం పోలికకు ఇంత అనువైన డిస్టిలరీ మన దేశంలో ఇంకోటి నాకు కనపడలేదు. 1948లో బెంగళూరులో మొదలైన కంపెనీ, 2004 ఆగస్టులో, మొలకెత్తిన బార్లీతోనే ఒకే డిస్టిలరీలో కాచే తన సింగిల్ మాల్ట్‌ను ముందు గ్లాస్గోలో విడుదల చేసి, ఆ తర్వాత చాలా ఏళ్లకు గానీ ఇక్కడ అమ్మలేదు. మైసూరు రోడ్డు వైపు కంబిపురలో ఉన్న ఒకే డిస్టిలరీ నుంచి వచ్చే సరుకు కాబట్టి, సీసాకీ సీసాకీ తేడా ఎక్కువగా నాలుగు చోట్ల నుంచే వస్తుంది: బార్లీకి పీట్ (చిత్తడి నేలల్లో తవ్వి తీసి కాల్చే మట్టి) పొగ పెట్టారా లేదా, ఏ పీపాలో ఉంచారు, ఎన్నేళ్లు ఉంచారు, ఎంత శాతం ఆల్కహాల్‌తో సీసాలో నింపారు. ఒక్కో సాయంత్రం వీటిలో ఒక్క దాన్నే పట్టుకోండి. నాలుగూ ఒకేసారి పట్టుకుంటే ఏదీ తెలియదు.

కొలబద్దగా 46 శాతం మామూలు అమృత్ ఇండియన్ సింగిల్ మాల్ట్ పెట్టుకోండి. పొగ సంగతి తెలియాలంటే దాని పక్కన ఫ్యూజన్ (50 శాతం), ఆ తర్వాత పీటెడ్. ఫ్యూజన్‌లో నాలుగింట మూడు వంతులు మన బార్లీ, ఒక వంతు స్కాట్లాండ్ నుంచి తెప్పించిన పీటెడ్ బార్లీ. ఈ మూడూ వరసగా పెడితే పొగ మెట్లు మెట్లుగా ఎక్కడం స్పష్టంగా తెలుస్తుంది. పీపా సంగతి తెలియాలంటే మామూలు దాని పక్కన ఇంటర్మీడియట్ షెర్రీ (57.1), పోర్టోనోవా (62.1). ఈ రెండూ ఒకే పద్ధతిలో తయారవుతాయి: ముందు బోర్బన్ (అమెరికన్ విస్కీ) పీపాలూ కొత్త ఓక్ పీపాలూ, మధ్యలో కొంతకాలం షెర్రీ లేదా పోర్ట్ వైన్ పీపా, మళ్లీ బోర్బన్ పీపా. పద్ధతి ఒకటే, మధ్యలో వచ్చే వైన్ పీపా ఒక్కటే మారింది కాబట్టి ఈ జంటను మించిన పాఠం లేదంటాను. స్పెక్ట్రమ్ అయితే ఇంకో దారి, ఒకే పీపాను రకరకాల చెక్కలతో కట్టి అందులో ఉంచుతారు. షెర్రీ, బ్రాందీ, రమ్ము పీపాలు మూడూ కలిసిన కదంబం, కమలా తొక్కలతో సిద్ధం చేసిన పీపాలో ఉంచిన నారంగీ, వీటిని షెర్రీ పక్కన పెట్టండి గానీ పోర్టోనోవా పక్కన పెట్టకండి, పోర్ట్ తీపి వాటిని కప్పేస్తుంది.

సీసా తెరిచే ముందు లేబుల్ ఒకసారి నిదానంగా చదవండి. బ్యాచ్ నంబరు, నింపిన తేదీ, శాతం, పరిమాణం నోట్ చేసుకోండి. యూరప్‌లో అమ్మేది 700 ఎం.ఎల్., మన దగ్గర 750. పేరు ఒకటే అయినా బ్యాచ్ మారితే రుచి కొంచెం అటూ ఇటూ అవుతుంది, పైగా ఏడాదిగా పావు సీసా మిగిలి గాలి తగులుతూ ఉన్న విస్కీని నిన్న తెరిచిన దానితో పోలిస్తే మీరు పోల్చేది విస్కీని కాదు, గాలిని. అందుకే పోల్చాలనుకున్న సీసాలన్నీ ఒకే వారంలో తెరవడం మంచిది.

ఇక గది. వేసవిలో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏసీ లేని గదిలో ఈ పని పెట్టుకోవద్దు, విస్కీ వెచ్చబడితే ఘాటు ఒక్కటే ముక్కుకు కొడుతుంది, మిగతా వాసనలు దాని వెనక ఉండిపోతాయి. ఏసీ 23, 24లో పెట్టి, ఫ్యాన్ ఆపేయండి, ఎందుకంటే గ్లాసు పైన నిలవాల్సిన వాసనను ఫ్యాన్ గాలి ఎగరగొట్టేస్తుంది. అగరుబత్తి, మల్లెపూలు, సెంటు, వంటింట్లో పోపు, ఇవేవీ ఆ గంటన్నర దగ్గర్లో ఉండకూడదు. భోజనం తర్వాత అసలే వద్దు. ఆవకాయ తిన్న నాలుకకు షెర్రీ పీపా రుచి దొరకదు. సాయంత్రం తేలికగా ఏదైనా తిని ఒక గంట ఆగి మొదలుపెట్టండి, మధ్యమధ్యలో నోరు శుభ్రం చేసుకోవడానికి ఉప్పూ కారం లేని మరమరాలు, చల్లగా లేని మంచినీళ్లు చాలు. గ్లాసులు మాత్రం అన్నీ ఒకే రకంవి ఉండాలి, కింద ఉబ్బి పైన మూతి సన్నబడే గ్లెన్‌కైర్న్ అయితే మరీ మంచిది. సబ్బు వాసన లేకుండా వేడినీళ్లతో కడిగి ఆరబెట్టుకోండి.

ఒక్కో దాంట్లో 15 ఎం.ఎల్. పోయండి, అంతకు మించి వద్దు. నాలుగు గ్లాసులంటే 60 ఎం.ఎల్., ఒక లార్జే కదా అనిపిస్తుంది గానీ, బార్‌లో లార్జ్ 42.8 శాతంది, ఇక్కడ సగటున 55 దాకా ఉంటుంది, అంటే దాదాపు ఒకటింబావు లార్జ్ కిందకు వస్తుంది. నాలుగు దాటితే ముక్కు కూడా పని చేయడం మానేస్తుంది, కాబట్టి ఎన్ని సీసాలున్నా ఆ రోజుకు నాలుగే. ఉమ్మేయడానికి ఒక కప్పు పెట్టుకోవడంలో నామోషీ ఏమీ లేదు, వృత్తిగా రుచి చూసేవాళ్లు చాలామంది చేసే పనే. బండి తీయాల్సిన వాళ్లుంటే వాళ్లు వాసన వరకే ఆగాలి.

ఇప్పుడు నీళ్లు. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. 46 శాతందాన్నీ 62.8 శాతం (పీపాలో ఉన్నదాన్ని నీళ్లు కలపకుండా నింపిన) పీటెడ్ క్యాస్క్ స్ట్రెంత్‌నూ ఉన్నవి ఉన్నట్టు పోలిస్తే, రెండోది "గట్టిగా ఉంది" అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ రాదు. రెండింటినీ ఒకే శాతానికి దించాలి. లెక్క చాలా తేలిక: పోసిన ఎం.ఎల్.ను సీసా మీది శాతంతో గుణించి, కావలసిన శాతంతో భాగించి, అందులోంచి పోసిన ఎం.ఎల్. తీసేయండి, మిగిలినదే కలపాల్సిన నీళ్లు. పీటెడ్ క్యాస్క్ స్ట్రెంత్ 15 ఎం.ఎల్.ను 46కి దించాలంటే ఐదున్నర ఎం.ఎల్. నీళ్లు, పోర్టోనోవాకు ఐదుంబావు, ఇంటర్మీడియట్ షెర్రీకి మూడున్నర పైచిలుకు, ఫ్యూజన్‌కు ఒకటింబావు. మెడికల్ షాపులో దొరికే 5 ఎం.ఎల్. సిరంజి సూది లేకుండా తీసుకోండి, చెంచాలతో, సీసా మూతలతో ఈ కొలత కుదరదు. కానీ నీళ్లు కలపకముందు ఒకసారి వాసన చూసి, ఒక చుక్క నాలుక మీద వేసుకుని అప్పుడు కలపండి, ఎందుకంటే తయారుచేసినవాళ్లు ఆ శాతంలో నింపారంటే దానికీ ఒక కారణం ఉంటుంది. నీళ్లు పోశాక రంగు కాస్త మసకబారితే కంగారు పడొద్దు. చల్లబరచి వడకట్టని విస్కీలో నూనె పదార్థాలు అలాగే ఉంటాయి, శాతం తగ్గేకొద్దీ అవి కరిగి ఉండలేక విడిపోయి మబ్బుగా కనిపిస్తాయి. ఐసు వేయకండి. చలికి వాసనే లేవదు.

నీళ్లు కలిపాక పది నిమిషాలు అలా వదిలేసి, అప్పుడు వరసగా వాసన చూస్తూ వెళ్లండి. తాగడానికి తొందరేమీ లేదు. నోరు కొద్దిగా తెరిచి ఉంచి, గ్లాసు మూతికి ముక్కును కొంచెం దూరంగా పట్టి, చిన్న చిన్న పీల్పులు. ముక్కు మొద్దుబారినట్టు అనిపిస్తే మీ చొక్కా చేతిని వాసన చూడండి, మామూలైపోతుంది. వరస ఎప్పుడూ పొగ లేనివి ముందు, పొగవి చివర. ఒకసారి పీట్ నాలుక మీదకు ఎక్కితే అరగంట దాకా దిగదు. చివరి గ్లాసు అయ్యాక నోరు కడుక్కుని, అది పొగదైతే ఆ అరగంటా ఆగి, మళ్లీ మొదటి గ్లాసు దగ్గరకు రండి, నాలుగింట్లో మీ అభిప్రాయం మారేది తరచుగా ఆ మామూలు 46 శాతం దాని గురించే.

రాసుకోవడానికి ఎవరో రాసిన వర్ణనలు అరువు తెచ్చుకోకండి, మీరు ఎప్పుడూ తినని పండు పేరు మీ నోట్సులో ఉంటే ఆర్నెల్ల తర్వాత అది మీకే అర్థం కాదు. బెల్లం పాకం, వేయించిన పల్లీ, ఎండు ద్రాక్ష, ఖర్జూరం, కమలా తొక్క, శొంఠి, పచ్చి కొబ్బరి, కాలిన పిడక, ఇలా మీ ముక్కుకు ముందే తెలిసినవే రాయండి. ప్రతి గ్లాసుకూ మూడు ముక్కలు చాలు: వాసన, మింగేటప్పుడు రుచి, మింగాక ఎంతసేపు నిలిచింది. మార్కులు నేను వేయను. పక్క గ్లాసు కంటే ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్నదే రాస్తాను, పోలిక అంటే అదే. తాగేసిన గ్లాసులు వెంటనే కడగకుండా మర్నాడు పొద్దున్న ఒకసారి వాసన చూడండి, ఆల్కహాల్ ఎగిరిపోయి చెక్క వాసన ఒక్కటే మిగిలి ఉంటుంది, పీపా తేడా అప్పుడు మరింత తేటగా తెలుస్తుంది.

సీసా చూస్తూ తాగితే ధర కూడా రుచిలో కలిసిపోతుంది, ఇది ఎవరికైనా తప్పదు. అందుకే మొదటి రౌండు అయ్యాక ఇంకో రోజు ఈ పరీక్ష పెట్టుకోండి. మూడు గ్లాసులు, రెండింట్లో ఒకే విస్కీ, మూడోదాంట్లో వేరేది. పోసేది ఇంకొకరు, గ్లాసు అడుగున అంకె వేసేది వాళ్లే, మీరు గదిలో ఉండకూడదు. వేరేది ఏదో చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి నిజమవుతుంది కాబట్టి ఒకసారి సరిగ్గా చెప్పినంత మాత్రాన సంబరపడొద్దు, నాలుగైదు సార్లు చేసి చూడండి. మామూలు అమృత్‌కూ మీరు వెతికి వెతికి తెచ్చుకున్న, ఒకే ఒక్క పీపా నుంచి నింపిన సీసాకూ, రెండింటినీ ఒకే శాతానికి దించాక, తేడా పట్టుకోలేకపోతే అది చాలా విలువైన సమాచారం, మళ్లీ ఆ సీసా కోసం డబ్బు పెట్టనక్కర్లేదని అర్థం.

వయసు గురించి ఒక మాట. స్కాట్లాండ్‌లో పీపా నుంచి ఏటా రెండు శాతం దాకా ఆవిరైపోతే, బెంగళూరు ఎండకు 10 నుంచి 12 శాతం పోతుంది. 11 శాతం లెక్కన ఎనిమిదేళ్లు ఉంచితే పీపాలో మిగిలేది 40 శాతం లోపు, అక్కడైతే 85 శాతం. 2013లో అమృత్ నుంచి వచ్చిన ఎనిమిదేళ్ల గ్రీడీ ఏంజెల్స్ 144 సీసాలే రావడానికీ, "అత్యాశ దేవదూతలు" అన్న ఆ పేరుకూ కారణం ఇదే, ఇలా ఆవిరయ్యే భాగాన్ని దేవదూతల వాటా అంటారు. కాబట్టి అమృత్ సీసా మీద ఎనిమిదో పదో కనిపిస్తే స్కాచ్ కళ్లతో చూసి "ఇంతేనా" అనకండి. కానీ ఆ ధరలో ఎక్కువ భాగం ఆవిరైపోయిన విస్కీకి కట్టేదే, రుచి కోసమే అయితే ఇంటర్మీడియట్ షెర్రీ నాకు చాలు. గ్రీడీ ఏంజెల్స్ రుచి చూసే అవకాశం ఎవరి టేబుల్ దగ్గరైనా వస్తే మాత్రం వదులుకోవద్దు.

ఒక్కరే అన్నీ కొనక్కర్లేదు, ఒక్కొక్కరు ఒక్కో సీసా తెచ్చి ఒకే టేబుల్ మీద తెరవడం అన్నిటికంటే తెలివైన పని. విదేశాల నుంచి వచ్చేటప్పుడు సుంకం లేకుండా మనిషికి రెండు లీటర్లు తెచ్చుకోవచ్చు, పక్క రాష్ట్రం నుంచి తెచ్చేటప్పుడు మాత్రం మీ రాష్ట్రం ఎక్సైజ్ నిబంధనలు ముందే చూసుకోండి. సీలు తెగి ఉన్నా, మూత చుట్టూ జిగురు కనిపించినా ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకండి. తెరిచిన సీసాను నిలబెట్టే ఉంచాలి, పడుకోబెడితే బిరడా నానిపోతుంది. మూడో వంతుకు దిగిందంటే శుభ్రమైన చిన్న గాజు సీసాల్లోకి నిండా పోసి, పేరూ బ్యాచ్ నంబరూ పోసిన తేదీ చీటీ మీద రాసి అంటించి, వెలుతురు తగలని అల్మారాలో పెట్టేయండి. తర్వాతి బ్యాచ్ కొన్నప్పుడు పక్కన పెట్టి చూడటానికి ఆ చిన్న సీసానే పనికొస్తుంది.