బ్యాంకు పీఓ ఇంటర్వ్యూ: తరచూ వచ్చే ప్రశ్నలకు సమాధానాలు సిద్ధం చేసుకునే పద్ధతి

ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో ప్రొబేషనరీ ఆఫీసరు ఉద్యోగాలకు బ్యాంకు నియామకాల సంస్థ ఐబీపీఎస్ నిర్వహించే ఎంపికలో ఇంటర్వ్యూకు 100 మార్కులు ఉంటాయి. అందులో కనీసం 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగ అభ్యర్థులైతే 35 శాతం రాకపోతే ప్రధాన రాతపరీక్ష అయిన మెయిన్స్‌లో ఎంత బాగా రాసినా తుది జాబితాలో చోటు దక్కదు. మెయిన్స్, ఇంటర్వ్యూ మార్కులను 80:20 నిష్పత్తిలో కలిపి ర్యాంకు నిర్ణయిస్తారు. నెలల తరబడి క్వాంట్, రీజనింగ్ సాధన చేసిన మన అభ్యర్థుల్లో చాలామంది ఈ చివరి ఘట్టానికి మాత్రం ఎవరో రాసిపెట్టిన నమూనా సమాధానాలను బట్టీపట్టి వెళ్తున్నారు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ అలవాటును మాన్పించడానికి రాస్తున్నది.

బట్టీపట్టిన సమాధానం ఎందుకు పనికిరాదో తెలియాలంటే ప్యానెల్ ఎలా పనిచేస్తుందో గమనించాలి. సభ్యుల ముందు మీ బయోడేటా ఉంటుంది. మొదటి ప్రశ్న దాదాపుగా అందులోంచే వస్తుంది. రెండో ప్రశ్న మీరు అప్పుడే చెప్పిన సమాధానంలోంచి, తరచుగా దాని చివరి మాటలోంచి పుడుతుంది. కంఠస్థం చేసిన వాక్యాలు మొదటి ప్రశ్నకు సరిపోతాయి గానీ రెండో ప్రశ్న దగ్గర ఆగిపోతాయి. కాబట్టి మనం సిద్ధం చేసుకోవలసినవి సమాధానంలోని విషయాలు, ఆ సమాధానం విన్నవారు ఇంకేమి అడగగలరన్న ఊహ. వాక్యాలు వాటంతట అవే వస్తాయి.

ఒక నోటుపుస్తకం తీసుకుని ఎడమ పేజీలో ప్రశ్న, దాని కింద మీరు చెప్పదలచిన నాలుగైదు విషయాలను పొడి మాటల్లో రాయండి. కుడి పేజీలో ఆ విషయాల్లో ఒక్కొక్కదాని మీద రాగల ప్రశ్నలను రాయండి. కుడి పేజీలోని ప్రశ్నకు జవాబు లేకపోతే రెండే మార్గాలున్నాయి: దాన్ని తెలుసుకోవాలి, లేదా ఎడమ పేజీలోని ఆ మాటను కొట్టివేయాలి.

అన్నిటికంటే ఎక్కువ సమయం ‘మీ గురించి చెప్పండి’ అనే ప్రశ్నకు కేటాయించడం న్యాయం, ఎందుకంటే ఇంటర్వ్యూ ఏ దారిన నడవాలో కొంతవరకైనా అభ్యర్థి చేతిలో ఉండే సందర్భం ఇదొక్కటే. పేరు, ఊరు, చదువు, తల్లిదండ్రుల వృత్తి, అభిరుచులు అనే వరుసను అందరూ చెబుతారు. అవన్నీ బయోడేటాలో ఉన్నవే. ఉదాహరణకు భూదాన్ పోచంపల్లికి చెందిన ఒక చేనేత కుటుంబం అమ్మాయి మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, ఏడాదిపాటు ఒక విడిభాగాల కర్మాగారంలో నాణ్యత తనిఖీ విభాగంలో పనిచేసిందనుకుందాం. ఆమె ఇలా చెప్పవచ్చు: ‘మాది పోచంపల్లి. నాన్నగారు మగ్గం నేస్తారు. పట్టునూలు కొనడానికి పెట్టుబడి ఎక్కడినుంచి తేవాలన్నది మా ఇంట్లో ప్రతి సీజనులోనూ వచ్చే ప్రశ్న. ఇంజినీరింగ్ పూర్తయ్యాక ఏడాదిపాటు కర్మాగారంలో నాణ్యత తనిఖీ చేశాను. ఒక పత్రంలో చిన్న అంకె తప్పినా ఎంత నష్టం వస్తుందో అక్కడ నేర్చుకున్నాను. ఆ తరువాత పూర్తికాలం బ్యాంకు పరీక్షలకు చదివాను.’ అరనిమిషంలో పూర్తయ్యే ఈ సమాధానంలో మూడు తలుపులున్నాయి: ఊరు, చేనేత రుణం, కర్మాగారం అనుభవం. ప్యానెల్ వాటిలో ఏదో ఒకటి తెరుస్తుంది.

ఇక ఆమె కుడి పేజీ చూద్దాం. ఊరి పేరులో భూదాన్ ఎందుకు చేరింది? 1951 ఏప్రిల్‌లో వినోబా భావే ఆ ఊరికి వచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానం చేయడంతో భూదానోద్యమం మొదలైంది. ఇక్కత్‌కూ మామూలు అద్దకానికీ తేడా ఏమిటి? ఇక్కత్‌లో నేతకు ముందే నూలుకు ముడులు కట్టి రంగు అద్దుతారు. భౌగోళిక గుర్తింపు అంటే ఏమిటి, దానివల్ల నేతగానికి ఒరిగేదేమిటి? చేనేత కార్మికుడు చిన్న వ్యాపారాలకు ఇచ్చే ముద్రా రుణానికి వస్తే ఏ విభాగం కింద ఇస్తారు? శిశు విభాగంలో 50,000 రూపాయల వరకు, కిశోర్‌లో 5 లక్షల వరకు, తరుణ్‌లో 10 లక్షల వరకు ఇస్తారన్నది తెలిసి ఉండాలి. ఊరి గురించి గొప్పగా చెప్పి ఈ ప్రశ్నల దగ్గర తడబడితే, చెప్పిన ప్రేమ మీద కూడా అనుమానం కలుగుతుంది.

మీ ఊరు ఏదైనా ఇదే శ్రద్ధ అవసరం. మచిలీపట్నం నుంచి వచ్చినవారిని ఆంధ్రా బ్యాంకు గురించి అడగకుండా వదలడం కష్టం. దాన్ని 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య అక్కడే స్థాపించారని, 1980లో జాతీయం చేశారని, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైందని మూడు వాక్యాల్లో చెప్పగలగాలి. గుంటూరు అభ్యర్థికి మిర్చి యార్డు, శీతల గిడ్డంగులు, నిల్వ ఉంచిన సరుకు మీద ఇచ్చే రుణం; నిజామాబాద్ అభ్యర్థికి పసుపు; భీమవరం అభ్యర్థికి రొయ్యల చెరువుల పెట్టుబడి. బ్యాంకు దృష్టితో సొంత జిల్లాను ఒకసారి చూసుకున్నవారికి ఈ ప్రశ్నలు భయం కలిగించవు.

‘ఇంజినీరింగ్ చదివి బ్యాంకుకు ఎందుకు వస్తున్నారు?’ అనే ప్రశ్న తెలుగు అభ్యర్థులకు తప్పనిసరి. ‘ఉద్యోగ భద్రత కోసం’ అన్నది నిజమే కావచ్చు, అందులో సిగ్గుపడవలసింది కూడా లేదు, కానీ అది బ్యాంకుకు సంబంధించిన కారణం కాదు. ఏ ప్రభుత్వ ఉద్యోగానికైనా వర్తిస్తుంది. ‘దేశ సేవ చేయాలని’ అన్నదానికి వెంటనే ఉదాహరణ అడుగుతారు. సమాధానంలో రెండు అంశాలు ఉండాలని నా అభిప్రాయం. మీరు కళ్లారా చూసిన బ్యాంకింగ్ పని ఒకటి, అంటే మీ అమ్మగారి పొదుపు సంఘానికి బ్యాంకు అనుసంధానం (లింకేజీ) కింద వచ్చిన రుణమో, కాగితాలు లేక అప్పు పుట్టని కౌలు రైతు కష్టమో. మీ చదువు నేర్పిన నైపుణ్యం రెండోది. వీటిని కలిపి చెప్పగానే రాగల ప్రశ్నలు ఊహించడం కష్టం కాదు. కంప్యూటర్ సైన్స్ చదివినవారిని స్పెషలిస్టు విభాగంలో ఐటీ ఆఫీసరు పరీక్ష ఎందుకు రాయలేదని అడుగుతారు. పొదుపు సంఘం పేరెత్తినవారిని ఆ అనుసంధానం ఎప్పుడు మొదలైందని అడుగుతారు. గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు దాన్ని 1992లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. కౌలు రైతు పేరెత్తితే, హామీ లేకుండా ఆయనకు మీరైతే ఎలా అప్పిస్తారని అడుగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం గురించి, నలుగురు కలిసి పరస్పరం పూచీ ఉండే ఉమ్మడి బాధ్యత సంఘాల గురించి అప్పుడు చెప్పగలగాలి.

బలహీనత గురించి అడిగితే ‘నేను మరీ ఎక్కువగా కష్టపడతాను’ వంటి మారువేషపు పొగడ్త వద్దు. నలుగురిలో మాట్లాడేందుకు జంకుతానని, దానికోసం ఫలానా ప్రయత్నం చేస్తున్నానని చెప్పడం నయం. అయితే అంకెల్లో తప్పులు చేస్తాననో, త్వరగా కోపం వస్తుందనో చెబితే ఆ లోపం కౌంటరు పనికే అడ్డు.

చదువుకూ పరీక్షకూ మధ్య ఖాళీ సంవత్సరాలున్నవారు దీన్ని నేరంలా భావించి కథలు కల్పించడం నాకు చాలా బాధ కలిగించే విషయం. గ్రూప్స్ కోసం, పోలీసు ఉద్యోగాల కోసం ఏళ్ల తరబడి చదివే యువత మన రెండు రాష్ట్రాల్లో ఎంతమంది ఉన్నారో ప్యానెల్‌కు తెలుసు. ఏ పరీక్షలు రాశారో, ఏ దశ వరకు వెళ్లారో, ఇంట్లో ఎవరికైనా అనారోగ్యం వల్ల ఆగవలసి వచ్చిందో సూటిగా చెప్పండి. తేదీలు బయోడేటాతో సరిపోవాలి. ‘గ్రూప్-1 వస్తే బ్యాంకు వదిలేస్తారా?’ అనే ప్రశ్న దాని వెంటే ఉంటుంది కాబట్టి ఆ విషయంలో ముందే మనసులో నిర్ణయానికి రండి.

బదిలీల ప్రశ్నకు క్లుప్తమైన సమాధానం చాలు: ఈ ఉద్యోగంలో దేశంలో ఎక్కడికైనా వెళ్లాలని తెలిసే దరఖాస్తు చేశానని, ఇంట్లో ఈ విషయం మాట్లాడుకున్నామని. నిజంగా మాట్లాడుకుని ఉండాలి. వివాహం గురించి, కుటుంబం గురించి అమ్మాయిలను అడిగినా నొచ్చుకోకుండా ఇదే మాట స్థిరంగా చెప్పవచ్చు.

వృత్తి పరిజ్ఞానపు ప్రశ్నల్లో నిర్వచనం కంటే దాని పర్యవసానం ముఖ్యం. రెపో రేటు అంటే రిజర్వు బ్యాంకు ప్రభుత్వ సెక్యూరిటీల మీద బ్యాంకులకు స్వల్పకాలానికి ఇచ్చే అప్పుపై వడ్డీ అని చెప్పగానే, అది తగ్గితే సామాన్యుడికి ఏమిటి లాభం అని అడుగుతారు. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే చర వడ్డీ గృహ రుణాలను రెపో వంటి, బ్యాంకు తానుగా మార్చలేని బాహ్య ప్రామాణికానికి ముడిపెట్టారు గనుక నెల వాయిదా గానీ వాయిదాల సంఖ్య గానీ తగ్గుతుందన్నది సమాధానం. అంతకుముందు తీసుకున్నవారి సంగతేమిటన్నది మూడో ప్రశ్న. వారిలో చాలామంది రుణాలు 2016లో వచ్చిన, బ్యాంకు తన నిధుల ఖర్చును బట్టి వడ్డీ నిర్ణయించే ఎంసీఎల్‌ఆర్ పద్ధతిలో ఉన్నాయి, అక్కడ ఆ ప్రభావం ఆలస్యంగా చేరుతుంది. ప్రతి అంశాన్ని ఇలా మూడు మెట్లు దిగి చదవండి. వాయిదా గడువు దాటి 90 రోజులైనా కట్టకపోతే అప్పు మొండి బకాయి అవుతుందని తెలిస్తే చాలదు, పంట రుణానికి ఆ గడువును పంట కాలాలతో ఎందుకు లెక్కిస్తారో ఆలోచించాలి. డిపాజిట్ బీమా 5 లక్షలని తెలిస్తే, అది ఒక్కో ఖాతాకా, ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటుదారుకా అన్నది కూడా తెలియాలి, రెండోదే సరైనది.

సందర్భమిచ్చి ఏం చేస్తారని అడిగే ప్రశ్నలకు ఇప్పుడు ప్రాధాన్యం పెరగవలసిన కారణాలు కళ్ల ముందే ఉన్నాయి. ఒక వృద్ధుడు కంగారుగా వచ్చి ఫిక్స్‌డ్ డిపాజిట్ మొత్తం రద్దు చేసి తెలియని ఖాతాకు పంపమంటున్నాడు, ఫోను చెవి దగ్గరనుంచి తీయడం లేదు. మీరేం చేస్తారు? ‘మేనేజరుకు చెబుతాను’ అని ఆగిపోతే సగం జవాబే అవుతుంది. ఆయనను పక్కన కూర్చోబెట్టి, ఫోను కట్ చేయించి, పోలీసులమంటూ ఫోనులో బెదిరించి డబ్బు గుంజేవారు చెప్పే డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో లేదని నెమ్మదిగా వివరించి, కుటుంబ సభ్యులకు కబురుపెట్టి, మేనేజరుకు తెలిపి, డబ్బు అప్పటికే వెళ్లి ఉంటే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదులకున్న 1930 నంబరుకు ఫిర్యాదు చేయిస్తానని వరుసగా చెప్పాలి. ఇలాంటి ప్రశ్నల్లో ముందు మనిషి, తరువాత నిబంధన, ఆపైన నివేదిక అనే క్రమం పాటిస్తే దారి తప్పరు.

తెలియని ప్రశ్న రాకుండా ఏ ఇంటర్వ్యూ ముగియదు. ‘క్షమించండి, నాకు తెలియదు సార్’ అని ప్రశాంతంగా చెప్పడం కూడా సాధన చేయవలసిన సమాధానమే. ఊహించి చెప్పదలిస్తే, ఊహిస్తున్నానని అనుమతి అడిగి చెప్పండి.

తెలుగు మాధ్యమంలో చదివినవారిని ఎక్కువగా వేధించేది ఇంగ్లిషు. విషయాన్ని ముందు తెలుగులో స్పష్టంగా ఆలోచించి, దాన్ని చిన్న చిన్న ఇంగ్లిషు వాక్యాల్లో పైకి చెబుతూ ఫోనులో రికార్డు చేసుకుని వినండి. పెద్ద పదాలు వెతకనక్కరలేదు. వాక్యం పూర్తి చేయడం, చివరి మాటను మింగేయకపోవడం ముఖ్యం. నమూనా ఇంటర్వ్యూలో ఎదుట కూర్చునే స్నేహితుడికి మీ నోటుపుస్తకంలోని ఎడమ పేజీలు మాత్రమే చూపించి, రెండో ప్రశ్నను ఆయననే తయారుచేయమనండి. మీ కుడి పేజీలో లేని ప్రశ్న ఆయన నోట వస్తే అదే రోజు చేర్చుకోండి. రెపో రేటు, సీఆర్‌ఆర్ (బ్యాంకులు రిజర్వు బ్యాంకు వద్ద ఉంచవలసిన నగదు నిష్పత్తి) వంటి మారే అంకెలను మాత్రం పాత నోట్సు నుంచి తీసుకోకుండా, ఇంటర్వ్యూకు ముందురోజు రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో ఒకసారి సరిచూసుకుని వెళ్లండి.