తొలకరిలో రెక్కల పురుగుల ఫొటోలా? ముందు ఇవి చూసుకోండి

కోనసీమలో నాలుగు చినుకులు పడితే చాలు, దీపం చుట్టూ పురుగులే. అవి వాలడానికి లైటు దగ్గర తెల్లగుడ్డ కట్టే ముందు:

లైటు తెల్లవార్లూ ఉంచొద్దు. రెండు గంటలు చాలు. పొద్దున గుడ్డ మీద మిగిలినవన్నీ కాకులకీ గోరింకలకీ ఫలహారమే. ఆపాక గుడ్డ మెల్లగా దులిపి చీకట్లోకి పంపేయండి.

రెక్క పట్టుకోవద్దు. వేలికి అంటుకునే పొడి దాని పొలుసులే, అవి మళ్లీ మొలవవు.

కదలకుండా ఉండాలని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లున్నారు. ఆ ఫొటో నాకైతే చూడబుద్ధి కాదు.

వరిచేల పక్కనైతే పెద్ద చీమంత పురుగుతో జాగ్రత్త: నారింజ ఒళ్లు, నల్ల తల. మెడ మీద వాలితే ఊదేయండి, నలపకండి. దాని రసం తగిలిన చోట మర్నాటికి పొక్కులే. ఒకసారి నా మెడ మీద వాత పెట్టినట్టు చార తేలింది. నలిపేస్తే వెంటనే సబ్బుతో కడగండి.

కోరింగ మడ అడవిలోకైతే అటవీశాఖను అడిగే వెళ్లండి, అది అభయారణ్యం.