గువ్వల వేట నేర్చుకుందాం – మూడో పాఠం: తొలి షాట్‌గన్ ఎంపిక

కిందటి పాఠం చివర రెండు పనులు అప్పజెప్పాను. ఒకటి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయడం, రెండోది మీ కళ్ళలో ఏది పెత్తనం చేస్తుందో తేల్చుకోవడం. రెండోది ఇంకా చేయనివాళ్ళు ఇప్పుడే కానివ్వండి, నిమిషం కూడా పట్టదు. రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతుల మధ్య చిన్న సందు ఉంచి, అందులోంచి గోడ గడియారాన్ని రెండు కళ్ళతో చూడండి. ఇప్పుడు ఎడమ కన్ను మూయండి. గడియారం అక్కడే ఉంటే పెత్తనం కుడికంటిది. తప్పుకుంటే ఎడమకంటిది. కుడిచేతి వాటం ఉండి ఎడమ కన్ను పెత్తనం చేసేవాళ్ళు ఆ సంగతి గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పని పడుతుంది.

ఈ పాఠాలు టెక్సస్‌లో ఉంటూ గువ్వల సీజన్‌కి సిద్ధమయ్యేవాళ్ళ కోసం. నార్త్, సెంట్రల్ జోన్లలో సీజన్ సెప్టెంబరు 1న మొదలవుతుంది. సౌత్ జోన్‌లో ఆ తర్వాత. ఇది నేర్చుకుని సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు చెరువుగట్టు మీద చూపిద్దాం అనుకునేవాళ్ళు ఇక్కడే ఆగండి. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. అక్కడ ఈ పాఠంతో పనిలేదు.

తుపాకీ సంగతికి ముందు మీ వీసా సంగతి. గ్రీన్‌కార్డు, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్ళకు ఇబ్బంది లేదు. దుకాణంలో 4473 ఫారం నింపుతారు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అవుతుంది, అంతే. హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళ విషయం వేరు. ఫెడరల్ చట్టం ప్రకారం వాళ్ళ దగ్గర తుపాకీయే కాదు, ఒక్క షెల్ (షాట్‌గన్ తూటా) ఉన్నా నేరమే. స్నేహితుడిది ఒకసారి చేతిలోకి తీసుకుని కాల్చి చూసినా అంతే. ఈ నిషేధానికి ఉన్న మినహాయింపుల్లో మనకు పనికొచ్చేది ఒకటి: ఏదైనా అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. 'గడువు తీరని' అన్న చోటే చాలామంది చూసుకోరు. టెక్సస్ వార్షిక లైసెన్స్ మీరు ఏ నెలలో కొన్నా ఆగస్టు 31తో సరి. కొత్త ఏడాది లైసెన్సులు ఆగస్టు మధ్యలో అమ్మకానికొస్తాయి. పాతది తీరకముందే కొత్తది చేతిలో ఉండాలి. లేకపోతే తుపాకీ అల్మారాలో ఊరికే పడున్నా చట్టం దృష్టిలో మీరు తప్పు చేస్తున్నట్టే. ఇమ్మిగ్రేషన్ దరఖాస్తు నడుస్తున్నవాళ్ళు కొనేముందు లాయర్ని ఒక్కమాట అడగండి. ఆ ఫీజు తుపాకీ ఖర్చులో భాగమనుకోండి.

ఇక అసలు విషయం. కొత్తవాళ్ళు అందరూ 'ఏ కంపెనీది కొనాలి' అని మొదలుపెడతారు. నా లెక్కలో అది ఆఖరి ప్రశ్న. ముందు తుపాకీ మీ ఒంటికి సరిపోవాలి. తర్వాత గేజ్, ఆ తర్వాత మెకానిజం, కంపెనీ అన్నిటికన్నా వెనక. ఎందుకంటే రైఫిల్‌తో గురిచూసి కాలుస్తాం, షాట్‌గన్‌ని ఎగిరే పిట్ట వైపు చూపిస్తూ కాలుస్తాం. రైఫిల్‌కి వెనకో సైట్, ముందో సైట్ ఉంటాయి. షాట్‌గన్‌కి బ్యారెల్ (గొట్టం) కొసన ఓ చిన్న పూస ఉంటుంది. వెనక సైట్ మీ కన్నే. చెంప స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) మీద ఏ ఎత్తున ఆనిందో అదే మీ గురి. చెంప అర అంగుళం పైకో కిందికో ఆనితే గుండ్లు పిట్ట పైనుంచో కిందనుంచో పోతాయి, ఎంత ఖరీదైన తుపాకీ అయినా సరే.

దుకాణంలో చేయాల్సిన పరీక్ష ఇది. తుపాకీ తీసిచ్చే మనిషి ముందు చాంబర్ (కాల్చే షెల్ కూర్చునే చోటు) తెరిచి ఖాళీ అని చూపిస్తాడు. చూపించకపోతే మీరే అడగండి, అందుకున్నాక మీరూ ఒకసారి తొంగిచూడండి. భుజానికెత్తొచ్చా అని అడగండి, ఎవరూ కాదనరు. మనుషులు లేని వైపు, గోడ పైకప్పును కలిసే మూలను ఎంచుకోండి. ఆ మూలను చూస్తూ కళ్ళు మూసుకుని, తల వంచకుండా, తుపాకీనే చెంప దగ్గరికి తెచ్చి భుజానికి ఆనించండి. వేలు ట్రిగ్గర్ బయటే ఉండాలి. ఇప్పుడు కళ్ళు తెరవండి. బ్యారెల్ పైపట్టీ మీదుగా చూస్తే పూస ఆ మూల మీదే నిలిచిందా? పూస కనపడకుండా తుపాకీ వెనక భాగమే అడ్డొస్తే స్టాక్ మీకు పల్లంగా ఉన్నట్టు. పట్టీ మొత్తం రోడ్డులా పొడుగ్గా కనిపిస్తే ఎత్తుగా ఉన్నట్టు. పూస కుడికో ఎడమకో జరిగితే స్టాక్ పక్కవాలు మీకు కుదరలేదన్నమాట. ఇలా ఐదారుసార్లు చేయండి. ఒకసారి కుదరడం కాకతాళీయం కావచ్చు.

తర్వాత పొడవు. ట్రిగ్గర్ నుంచి స్టాక్ మడమ దాకా ఉన్న కొలతను లెంగ్త్ ఆఫ్ పుల్ అంటారు. అమెరికన్ తుపాకుల్లో మామూలుగా 14 నుంచి 14½ అంగుళాలు ఉంటుంది. అయిదడుగుల ఆరంగుళాల లోపు వాళ్ళకు, ముఖ్యంగా మన ఆడవాళ్ళకు, ఇది తరచూ పొడుగవుతుంది. ఎత్తేటప్పుడు మడమ చంకలో చిక్కుకుంటుంది. స్టాక్‌ని మోచేతి మడతలో పెట్టి వేలు అందుతుందో లేదో చూసే పాత చిట్కా చెప్పేవాళ్ళు ఉంటారు, దాన్ని పెద్దగా నమ్మకండి. భుజానికెత్తాక మీ ముక్కుకీ, పట్టుకున్న చేతి బొటనవేలికీ మధ్య రెండు మూడు వేళ్ళ సందుందా చూడండి. అంతకన్నా తక్కువైతే కాల్చినప్పుడు బొటనవేలు వచ్చి ముక్కుకి తగులుతుంది. పరీక్షకి టీషర్టులోనే వెళ్ళండి. సెప్టెంబరు ఎండలో మీరు వేటాడేది టీషర్టులోనే. శీతాకాలం బాతుల వేటకి మందపాటి కోటు వేసుకుంటే అదే స్టాక్ ఇంకా పొడుగనిపిస్తుంది. 'కాంపాక్ట్', 'యూత్' మోడళ్ళలో స్టాక్ 12, 13 అంగుళాలుంటుంది. పెద్దవాళ్ళు అవి కొనడం నామోషీ కాదు. కొన్ని మోడళ్ళతో పాటు స్టాక్ ఎత్తునీ వాలునీ మార్చుకునే చిన్న బిళ్ళలూ, పొడవు పెంచే ముక్కలూ పెట్టెలోనే వస్తాయి. రెండు తుపాకులు సమానంగా నచ్చితే బిళ్ళలొచ్చేదే తీసుకోండి.

పెత్తనం ఎడమకంటిదైన కుడిచేతివాటం వాళ్ళు ఇక్కడ తేల్చుకోవాలి. ఇంకా అలవాట్లు పడలేదు కాబట్టి ఎడమ భుజంతో నేర్చుకోవడమే మేలని నా అభిప్రాయం. కుదరదంటే కాల్చేటప్పుడు కళ్ళద్దాల ఎడమ అద్దం మీద చిన్న టేపు ముక్క అంటించుకునే దారి ఉంది. ఎడమ భుజానికి మొగ్గితే సేఫ్టీ బొత్తాం ఎక్కడుందో చూడండి. మాస్‌బర్గ్ 500కి సేఫ్టీ పైన, బొటనవేలి కింద ఉంటుంది, ఏ చేతికైనా ఒకటే. రెమింగ్టన్ 870కి ట్రిగ్గర్ వెనక అడ్డంగా ఉంటుంది, అది కుడిచేతివాళ్ళ ఏర్పాటు.

గేజ్ లెక్క తిరకాసుగా ఉంటుంది. ఒక పౌను సీసాన్ని 12 సమాన గుండ్లుగా పోస్తే, ఒక్కో గుండు పట్టే గొట్టం 12 గేజ్. 20 గుండ్లుగా పోస్తే 20 గేజ్. అందుకే అంకె పెరిగితే గొట్టం సన్నబడుతుంది. 12 గేజ్ లోపలి వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు, 20ది 15.6. ఫోర్ టెన్ అనేది మాత్రం గేజే కాదు, అది 0.410 అంగుళాల వ్యాసం. పిల్లలకీ కొత్తవాళ్ళకీ బావుంటుందని దాన్ని అంటగట్టే మహానుభావులుంటారు. అర ఔన్సు గుండ్లతో ఎగిరే గువ్వను కొట్టడం చేయి తిరిగినవాళ్ళ పని. కొత్తవాళ్ళు దాంతో పిట్టల్ని గాయపరచి వదిలేయడం ఎక్కువ. షెల్స్ ధర కూడా ఎక్కువే.

మిగిలింది 12, 20. '20 తక్కువ తంతుంది, అదే కొనండి' అని అందరూ అనే మాటలో సగమే నిజం. తన్ను, అంటే కాల్చినప్పుడు భుజానికి తగిలే దెబ్బ, రెండిటి మీద ఆధారపడుతుంది: షెల్‌లో ఎంత సరుకుంది, తుపాకీ ఎంత బరువుంది. 12 గేజ్ తుపాకీ ఏడు, ఏడున్నర పౌన్లు తూగుతుంది, 20 ఆరు, ఆరున్నర. 12లో ఒక ఔన్సు తేలిక షెల్ వేస్తే, తేలికపాటి 20లో బలమైన షెల్ వేసినదానికన్నా హాయిగా ఉంటుంది. పైగా 12 గేజ్ షెల్స్ ఎక్కడైనా దొరుకుతాయి, ఎక్కువ రకాల్లో దొరుకుతాయి. ఏడు పౌన్ల తుపాకీని భుజాన పెట్టుకుని ఒక నిమిషం వణకకుండా నిలబడగలిగితే 12 తీసుకోండి. లేదంటే 20. ఇది మగ-ఆడ తేడా కాదు, చేతుల బలం సంగతి. 3½ అంగుళాల చాంబర్ ఉన్నది కావాలా అని దుకాణదారు అడుగుతాడు. గువ్వలకు 2¾ అంగుళాల షెల్ చాలు. 3 అంగుళాల చాంబర్ ఉంటే రేపు బాతులకీ సరిపోతుంది.

ఒకే ఇంట్లో 12, 20 రెండూ ఉన్నవాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవండి. 20 గేజ్ షెల్స్ పసుపురంగులో ఉండటం అలంకారం కాదు. జేబులో రెండూ కలిసిపోయి 20 షెల్ పొరపాటున 12 బ్యారెల్‌లోకి జారితే, చాంబర్ దాటి లోపల ఇరుక్కుంటుంది. పైనుంచి చూస్తే చాంబర్ ఖాళీ. వెనక 12 షెల్ పెట్టి కాలిస్తే బ్యారెల్ చేతిలోనే పగులుతుంది. కాల్చే రోజు ఒకే గేజ్ బయటికి తీయండి, రెండోది షెల్స్‌తో సహా ఇంట్లో ఉండనివ్వండి.

మెకానిజం ముఖ్యంగా మూడు రకాలు. ముందు పిడిని చేత్తో వెనక్కి లాగి ముందుకు తోసి షెల్ ఎక్కించే పంపు చవక, మొండిది. 400 డాలర్ల అటూఇటూలో మంచిది వస్తుంది. 870 కోటికి పైగా అమ్ముడుపోయిన మోడల్. అయితే కొత్తవాళ్ళు కంగారులో పంపును పూర్తిగా వెనక్కి లాగరు, రెండో షెల్ ఎక్కదు, ఈలోగా గువ్వ పక్క కౌంటీలో ఉంటుంది. సెమీ ఆటోలో ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ అదే లోడ్ చేసుకుంటుంది. వాటిలో షెల్ పేలినప్పటి గ్యాస్‌తో నడిచేవి తన్నుని కొంత మింగేస్తాయి, కానీ తరచూ శుభ్రం చేయాలి. తన్ను బలంతోనే నడిచే ఇనర్షియా రకం తేలిక, మసి పట్టదు, భుజానికి మాత్రం తెలుస్తుంది. పైనొకటి కిందొకటి బ్యారెళ్ళుండే ఓవర్ అండర్ అందంగా ఉంటుంది, మధ్యకి విరిచి పట్టుకుంటే ఖాళీ అని పదిమందికీ దూరం నుంచే కనపడుతుంది, రెండు చోక్‌లు (బ్యారెల్ కొసన బిగింపులు) వాడుకోవచ్చు. మంచిదానికి రెండు వేల డాలర్లు దాటుతుంది. చవకబారువి వద్దు. ఒక్క షెల్లే పట్టే సింగిల్ షాట్ చవకే గానీ, తేలిక కాబట్టి గాడిదలా తంతుంది. నా ఓటు గ్యాస్ సెమీ ఆటోకి, చేతిలో అంత లేకపోతే పంపుకి.

సెమీ, పంపు కొన్నవాళ్ళకు ఒక ఫెడరల్ నియమం. గువ్వ వలస పక్షి. వాటి వేటలో తుపాకీలో మూడు షెల్స్ మించి పట్టకూడదు. అందుకని మ్యాగజైన్‌లో (మిగతా షెల్స్ నిలవుండే గొట్టంలో) ప్లగ్ అనే కర్ర ముక్కో ప్లాస్టిక్ కడ్డీయో ఉండాలి. కొత్త తుపాకీతో పెట్టెలో వస్తుంది, పారేయకండి. ఉత్తుత్తి షెల్స్‌తో చూడండి: చాంబర్‌లో ఒకటి పోను, మ్యాగజైన్‌లో రెండు దూరాక మూడోది దూరకూడదు. గేమ్ వార్డెన్ (వేట నియమాలు చూసే అధికారి) పొలంలో చేసే పరీక్ష కూడా ఇదే.

చోక్ గురించి ఇప్పుడు ఒక్కమాటే: బ్యారెల్ కొసని ఎంత బిగిస్తే గుండ్లు అంత దగ్గరగా పోతాయి. గువ్వలకు ఇంప్రూవ్డ్ సిలిండర్ బిగించుకోండి. మరలాగా తిప్పి మార్చుకునే చోక్ ట్యూబులున్న బ్యారెలే కొనండి, 26 గానీ 28 గానీ అంగుళాలది.

సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే ఖాళీ బ్యారెల్‌లోంచి దీపం వైపు చూడండి. లోపల నీడల రింగులు సమంగా ఉండాలి, ఒకచోట వంకర పోతే అక్కడ సొట్ట. చోక్ ట్యూబు చేత్తో విప్పించండి, రానంటే ఆ బేరం వదిలేయండి. స్టాక్ రిసీవర్‌తో (మెకానిజం ఉండే మధ్య ఇనుప భాగంతో) కలిసేచోట సన్నని పగులు ఉందేమో గోటితో తడిమి చూడండి. బ్యారెల్ మీద అల్లిన చాపలాంటి గీతలుంటే అది డమాస్కస్ బ్యారెల్, గోడకి తగిలించుకోవడానికే పనికొస్తుంది. ఇప్పటి షెల్స్ అందులో వేయకూడదు.

బడ్జెట్‌లో తుపాకీ ఒక్కటే లెక్కపెట్టుకోకండి. తాళం వేసే సేఫ్, చెవులకూ కళ్ళకూ రక్షణ, అన్నిటికన్నా ముఖ్యం షెల్స్. వెయ్యి డాలర్లుంటే ఆరేడు వందలు తుపాకీకి పెట్టి మిగతాది క్లే రేంజిలో (మట్టి బిళ్ళలు ఎగరేసి కాల్చడం సాధన చేసే చోట) ఖర్చు చేసినవాడు, మొత్తం తుపాకీకి పెట్టి షెల్స్ లెక్కపెట్టుకుంటూ కాల్చేవాడికన్నా సీజన్ మొదటి రోజు మెరుగ్గా ఉంటాడు.

ఈ వారం పని: తుపాకీ కొనకండి. రెండు దుకాణాలకెళ్ళి కనీసం ఐదు మోడళ్ళు, మూసిన కళ్ళతో, పైన చెప్పిన పద్ధతిలో ఎత్తి చూడండి. ప్రతిదానికీ నాలుగు విషయాలు ఫోన్‌లో రాసుకోండి: పూస ఎక్కడ నిలిచింది, ముక్కుకీ బొటనవేలికీ ఎంత సందు, బరువెంత, సేఫ్టీ మీ వేలికి అందిందా. మీ ఊళ్ళో తుపాకులు అద్దెకిచ్చే క్లే రేంజి ఉంటే ఆ జాబితాలో పైనున్న రెండూ కాల్చి చూడండి (నాన్ ఇమ్మిగ్రెంట్లు దుకాణానికైనా రేంజికైనా లైసెన్స్ జేబులో పెట్టుకునే వెళ్ళాలి). నాలుగో పాఠంలో ఓ పెద్ద కాగితం మీద 30 అంగుళాల వలయం గీసి, మీరు ఎంచుకున్న చోక్ గుండ్లని నిజంగా ఎక్కడ చల్లుతుందో లెక్కపెడదాం.