ఇంటి ఇంటర్నెట్, 3వ పాఠం: గాలిలో వచ్చే నెట్ బ్రాడ్‌బ్యాండేనా?

కిందటి పాఠంలో 8 మెగాబిట్లు కలిస్తే ఒక మెగాబైట్ అని నేర్చుకున్నాం. ఈసారి ఆ లెక్కతోనే సిమ్ మీద, ఎయిర్‌ఫైబర్ (టవర్ సిగ్నల్‌ను మిద్దె మీది డబ్బాతో అందుకునే ఇంటి నెట్) మీద వచ్చే నెట్‌ను కొలుద్దాం.

మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనం తీగ ఉందా లేదా అని అడగదు, వేగమే అడుగుతుంది. 2004లో కనీస డౌన్‌లోడ్ వేగం సెకనుకు 256 కిలోబిట్లు. 2013లో 512 చేశారు, 2023లో 2 మెగాబిట్లు. అప్‌లోడ్ ఊసే లేదు. అమెరికాలో 2024 నుంచి డౌన్‌లోడ్ 100, అప్‌లోడ్ 20 మెగాబిట్లు ఉండాలి. పిల్లల ఆన్‌లైన్ క్లాసులో మన మాట అవతలికి చేరేది అప్‌లోడ్ మీదే కాబట్టి, దాన్ని వదిలేయడం పెద్ద లోపం.

ముందు సిగ్నల్ చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్‌లోకి వెళ్తే సిగ్నల్ బలం డీబీఎం అనే కొలతలో కనిపిస్తుంది. అంకె ముందు మైనస్ ఉంటుంది కనుక మైనస్ 85 మంచిది, మైనస్ 110 చెడ్డది. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు బండల మిద్దెల్లో నడి ఇంట్లో ఒకసారి, మిద్దె మీద ఒకసారి చూడండి. మందమైన రాతి గోడ దాటేసరికి సిగ్నల్ బాగా పడిపోతుంది. మిద్దె మీద మైనస్ 88, లోపల మైనస్ 112 వస్తే తప్పు టవర్‌ది కాదు, గోడది. సిమ్ వేసే రూటర్‌ను టవర్ వైపు కిటికీలో పెట్టండి. ఎయిర్‌ఫైబర్ డబ్బా మిద్దె మీదే ఉంటుంది కానీ ఎదురుగా వేపచెట్టు గుబురుగా ఉంటే దానికీ ఇదే బాధ.

ఇప్పుడు వేగం. ఎయిర్‌ఫైబర్ అయితే రూటర్‌కు ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో కలిపి కొలవండి. వైఫైలో కొలిస్తే ఇంట్లోని నష్టం కూడా కంపెనీ ఖాతాలో పడుతుంది. ఎంత చేసినా 95 మెగాబిట్ల దగ్గరే ఆగిపోతుంటే కేబుల్ మార్చి చూడండి. లోపలి 8 తీగల్లో 4 మాత్రమే కలిసి ఉంటే 100 దాటదు.

పొద్దున 6కు, మధ్యాహ్నం 2కు, రాత్రి 9కి, వారం రోజులు కొలిచి డౌన్‌లోడ్, అప్‌లోడ్, పింగ్ (మన సందేశం సర్వర్‌కు వెళ్లి తిరిగొచ్చే సమయం) మూడూ రాసుకోండి. 100 మెగాబిట్ల వేగంలో 10 సెకన్ల పరీక్షకు 125 మెగాబైట్లు ఖర్చవుతాయి. రోజుకు 1.5 జీబీ ప్లాన్ ఉన్నవాళ్లు ఇది మరవకండి.

అసలు తీర్పు రాత్రి 9 అంకెలదే. టవర్ ఒక వైపుకు ఇచ్చే సామర్థ్యాన్ని ఆ వైపు ఫోన్లన్నీ పంచుకుంటాయి. ఫైబర్ కూడా పంచుకునేదే: ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు చీల్చే జీపాన్ పద్ధతిలో సుమారు 2.5 గిగాబిట్లు 32 లేదా 64 ఇళ్లకు. అయితే అక్కడ ఇళ్ల లెక్క ముందే తెలుసు. టవర్ కింద జాతర జరిగితే ఎన్ని ఫోన్లు చేరతాయో ఎవరికీ తెలియదు.

ఇంకో మెలిక రోజువారీ కోటా. అది అయిపోయాక చాలా ప్లాన్లలో వేగం 64 కిలోబిట్లకు పడుతుంది. 2 మెగాబిట్లలో అది దాదాపు 31వ వంతు. పొద్దున బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకున్న సిమ్ సాయంత్రానికి 2004 నాటి గీత కూడా అందుకోలేదు. గాలిలో వచ్చినంత మాత్రాన నెట్‌ను తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఇలా పడిపోయే కనెక్షన్‌ను బ్రాడ్‌బ్యాండ్ లెక్కలో కలపకూడదు.

వారం అంకెలు దగ్గర పెట్టుకోండి. 4వ పాఠంలో వాటినుంచి పింగ్ ఎగుడుదిగుళ్లు లెక్కగడదాం.