స్నానాలగదిలో దుర్వాసన: నహానీ ట్రాప్‌ను, బేసిన్ రంధ్రాన్ని ఎలా చూసుకోవాలి

వేసవి సెలవులకు ఊరెళ్లి, నెల తర్వాత ఇంటి తలుపు తీయగానే స్నానాలగదిలోంచి మురుగు వాసన ముక్కుపుటాలకు తగిలిందంటే, ముందుగా చేయవలసిన పని ఫినాయిల్ చల్లడం కాదు, నేల మీది జాలీలో బకెట్టులో సగం నీళ్లు పోయడం. జాలీ కింద ఉండే నహానీ ట్రాప్‌లో ఎప్పుడూ నిలిచి ఉండవలసిన నీరు ఆవిరైపోవడమే చాలాసార్లు ఆ వాసనకు కారణం.

బేసిన్ కింది గొట్టం వంపు తిరిగి ఉండటమూ, కమోడ్ అడుగున నీళ్లు నిలవడమూ కూడా ఇందుకే. సుమారు 50 మిల్లీమీటర్ల లోతున్న ఆ నీరే మురుగు గొట్టంలోని వాయువులను ఇంట్లోకి రానివ్వని మూత. 1775లో లండన్‌లో గడియారాలు చేసే అలెగ్జాండర్ కమింగ్ తాను పేటెంటు పొందిన ఫ్లష్ కమోడ్‌లో గొట్టాన్ని ఇలాగే వంచి నీరు నిలిచేలా చేశాడు. ఆ నీటిని తేలిగ్గా తీసుకోకూడదని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఉంది: 2003లో హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ నివాస భవనాల్లో 300 మందికి పైగా సార్స్ అనే శ్వాసకోశ వ్యాధి సోకినప్పుడు, నేల ట్రాపులు ఎండిపోయి ఉండటం ఆ వ్యాప్తికి ఒక కారణమని దర్యాప్తులో తేలింది. కాబట్టి వాడని స్నానాలగదిలో కూడా వారానికొకసారి నీళ్లు పోయాలి.

నీళ్లు పోసినా వాసన పోకపోతే జాలీని పైకి తీసి చూడాలి. చాలా ట్రాపులలో అంచు నీటిలో మునిగేలా బోర్లించిన చిన్న గిన్నె ఒకటి ఉంటుంది. వెంట్రుకలు, సబ్బు జిడ్డు చుట్టుకొని నీరు మెల్లగా పోతోందని కొందరు దాన్ని తీసి పారేస్తారు. నీరు వేగంగా పోతుంది, నిజమే. కానీ వాసనకు అడ్డం ఉండదు. గిన్నెను కడిగి మళ్లీ అక్కడే పెట్టాలి. కడిగేటప్పుడు యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడరునూ ఎన్నడూ కలపకూడదు, ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

బేసిన్ లోపల అంచుకు కాస్త కింద కనిపించే రంధ్రం, కుళాయి కట్టేయడం మరిచినప్పుడు నీరు నేల మీదికి పొర్లకుండా కాపాడుతుంది. నీరు దిగేటప్పుడు గాలికి దారి ఇచ్చి వేగం పెంచుతుంది కూడా. లోపలి దారిలో పాచి పేరుకుంటే అదీ వాసన వేస్తుంది కనుక, సీసాలు కడిగే సన్నని బ్రష్‌తో తోమి వేడినీళ్లు పోయాలి. కొత్త బేసిన్ బిగించేటప్పుడు, ఈ రంధ్రం ఉంటే, బేసిన్ అడుగున నీరు పోయే చోట బిగించే వేస్ట్ కప్లింగ్‌లలో పక్కన చీలికలున్న హాఫ్ త్రెడ్‌దే అడగాలి. చీలికలు లేని ఫుల్ త్రెడ్‌ది వేస్తే రంధ్రంలోకి వెళ్లిన నీటికి బయటి దారి మూసుకుపోతుంది.

ఇక కుళాయి మూతిలోని జల్లెడ నీటిలో గాలి కలిపి ధారను మెత్తగా చేస్తుంది. బోరు నీళ్ల ఉప్పు పట్టి ధార సన్నబడితే, దాన్ని విప్పి రాత్రంతా నిమ్మరసంలో నానబెట్టి, రబ్బరు వాషరు జారిపోకుండా తిరిగి బిగించుకోవాలి.