ఇంటి కాగితాల ఫోల్డర్ ఇంట్లోవాళ్లకే తెరుచుకోకపోతే

ఆధార్, పాన్, పొలం పాస్‌బుక్, బీమా బాండ్లు, గ్యాస్ పుస్తకం మొదటి పేజీ... అన్నీ స్కాన్ చేసి గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఇంట్లో నలుగురికీ షేర్ చేసుకున్నవాళ్ల కోసం ఇది. ఫోల్డర్ చేయడం, ఫైలు ఎక్కించడం, షేర్ బటన్ నొక్కడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. అన్నీ సరిగ్గా చేశాక కూడా ఎందుకు పని చేయదో చూద్దాం.

లింకు నొక్కితే ‘యూ నీడ్ యాక్సెస్’ అంటోంది

దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే. మీరు షేర్ చేసింది ఒక అకౌంటుకి, వాళ్లు తెరుస్తున్నది ఇంకో అకౌంటుతో. ఇది చూడకుండానే లింకు మళ్లీ మళ్లీ పంపుతారు, యాప్ తీసేసి మళ్లీ వేస్తారు, ఫోన్ ఆపి ఆన్ చేస్తారు. ఏదీ పనిచేయదు, ఎందుకంటే లింకు బాగానే ఉంది.

డ్రైవ్ యాప్‌లో కుడివైపు పైన ఒక గుండ్రం ఉంటుంది, అందులో ఫొటోనో పేరు మొదటి అక్షరమో కనిపిస్తుంది. దాన్ని నొక్కి, అక్కడున్న జీమెయిల్ చిరునామాను అక్షరం అక్షరం చదవమనండి. ‘నా ఫొటోనే ఉంది’ అంటే ఒప్పుకోవద్దు. రెండు అకౌంట్లకూ ఒకే ఫొటో పెట్టుకున్నవాళ్లు బోలెడుమంది. తర్వాత మీ దగ్గర ఫోల్డర్ మీద షేర్ నొక్కి, అక్కడున్న పేర్లలో ఆ చిరునామా ఉందో లేదో చూడండి. పక్కపక్కన పెట్టి చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది. కంప్యూటర్లో అయితే యాక్సెస్ లేదని చెప్పే ఆ పేజీలోనే ఏ అకౌంటుతో ఉన్నారో రాసి ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు.

పెద్దవాళ్ల ఫోన్లలో ఇది మరీ ఎక్కువ. ఫోన్ కొన్న రోజే షాపులో కుర్రాడు ప్లే స్టోర్ కోసం ఒక జీమెయిల్ తెరిచి ఇచ్చేస్తాడు. దాని పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. తర్వాత కొడుకో కూతురో ఇంకో అకౌంటు చేరుస్తారు. డ్రైవ్ మాత్రం ఆ షాపు అకౌంటుతోనే తెరుచుకుంటూ ఉంటుంది.

పరిష్కారం: గుండ్రం నొక్కి సరైన అకౌంటుకు మారి, వాట్సాప్‌లోకి వెళ్లి లింకును మళ్లీ నొక్కాలి. అకౌంటు మార్చి, పాత పేజీనే పట్టుకుని కూర్చుంటే లాభం లేదు. బ్రౌజర్‌లో రెండు మూడు అకౌంట్లు తెరిచి ఉంటే, ముందు లాగిన్ అయినదాన్నే గూగుల్ అసలుదిగా తీసుకుంటుంది. అడ్రస్ బార్‌లో ‘యూ’ అక్షరం తర్వాత 0 ఉంటే మొదటి అకౌంటు, 1 ఉంటే రెండోది. ఇంత తంటా వద్దనుకుంటే బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో (పాత లాగిన్లేవీ ఉండని కిటికీ) తెరిచి, కావలసిన ఒక్క అకౌంటుతో లాగిన్ అవ్వండి.

చిరునామా టైపు చేసేటప్పుడు జీమెయిల్ పేరులో చుక్క పడినా పడకపోయినా తేడా రాదు, గూగుల్ వాటిని లెక్కలోకి తీసుకోదు. చివర ఉన్న అంకె మారితే మాత్రం అది వేరే మనిషి. మీ నాన్నగారి పాన్ ఆ మనిషికి పంపినట్టే. మేనేజ్ యాక్సెస్‌లోకి వెళ్లి వెంటనే తీసేయండి.

ఇక్కడే చాలామంది చేసే పని ఒకటుంది. విసుగొచ్చి ‘రిస్ట్రిక్టెడ్’ (పేరు చేర్చినవాళ్లకే తెరుచుకునే పద్ధతి) తీసేసి ‘ఎనీవన్ విత్ ద లింక్’ పెట్టేస్తారు. వెంటనే అందరికీ తెరుచుకుంటుంది కాబట్టి సమస్య తీరిందనుకుంటారు. ఇప్పుడు ఆ లింకు ఎవరి చేతికొచ్చినా లాగిన్ కూడా అక్కర్లేకుండా మీ ఇంటి కాగితాలన్నీ చూడొచ్చు. ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన లింకు పెళ్లి గ్రూపులోకి వెళ్లడానికి ఒక్క ఫార్వర్డ్ చాలు. ఇప్పటికే అలా పెట్టి ఉంటే తిరిగి రిస్ట్రిక్టెడ్ చేయండి, కానీ ఈలోపు ఎవరైనా దించుకున్న కాపీని వెనక్కి తెచ్చుకోలేరు. ఆధార్ మాటకొస్తే, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ కాపీ ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైటులోనే దొరుకుతుంది. నంబరంతా అవసరం లేని పనులకు ఫోల్డర్‌లో అదే ఉంచండి.

ఫోల్డర్ తెరుచుకుంటోంది, లోపల కొన్ని ఫైళ్లు మాత్రం తెరుచుకోవు

నెత్తి బాదుకునేలా చేసేది ఇదే. అకౌంటు సరైనదే. ఫోల్డర్‌లోకి వెళ్లగలుగుతున్నారు. పది ఫైళ్లలో ఏడు తెరుచుకుంటున్నాయి. మిగతా మూడు పేర్లు కనిపిస్తున్నాయి, నొక్కితే ‘రిక్వెస్ట్ యాక్సెస్’. ఫోల్డర్ చేసినవాళ్లేమో ‘నాకు అన్నీ వస్తున్నాయే’ అంటారు. వాళ్లు చెప్పేదీ నిజమే.

ఆ మూడూ ఫైళ్లు కావు, షార్ట్‌కట్లు. గుర్తు దగ్గరగా చూస్తే మూల మీద చిన్న వంపు బాణం ఉంటుంది. ఫోన్ తెరమీద ఆవగింజంత, అందుకే కంటికి ఆనదు.

ఎలా వస్తాయో చూడండి. బెంగళూరులో ఉన్న తమ్ముడు నాన్న బీమా బాండు స్కాన్ చేసి తన డ్రైవ్‌లో పెట్టి అక్కకి షేర్ చేస్తాడు. అక్క దాన్ని ‘నాన్న పేపర్లు’ ఫోల్డర్‌లోకి తేవాలని ‘ఆర్గనైజ్’ కింద ‘యాడ్ షార్ట్‌కట్’ నొక్కుతుంది. ఫైలు ఫోల్డర్‌లోకి వచ్చినట్టే కనిపిస్తుంది. ఆ ఫోల్డర్‌ను అమ్మకీ బావకీ షేర్ చేస్తుంది. నిజానికి బాండు ఇంకా తమ్ముడి డ్రైవ్‌లోనే ఉంది. ఫోల్డర్‌లో ఉన్నది దాని ఇంటి నంబరు రాసిన చీటీ మాత్రమే. ఫోల్డర్ షేర్ చేస్తే చీటీ అందరికీ అందుతుంది, ఇంటి తాళం చెవి మాత్రం అందదు. అక్కకి తమ్ముడు ముందే తాళం చెవి ఇచ్చాడు కాబట్టి ఆమెకు ఈ లోపం ఎన్నటికీ కనిపించదు.

ఇంకో చిక్కు. బావ ‘రిక్వెస్ట్ యాక్సెస్’ నొక్కితే ఆ విన్నపం ఫోల్డర్ చేసిన అక్కకి రాదు, ఫైలు సొంతదారైన తమ్ముడి మెయిల్‌కి వెళ్తుంది. అతను చూడడు. ‘అడిగాను, ఎవరూ పలకలేదు’ అని బావ, ‘నాకేం రాలేదే’ అని అక్క. ఈ సంభాషణ మీ ఇంట్లో జరిగిందంటే ఇక బాణం గుర్తు వెతకక్కర్లేదు, షార్ట్‌కట్టే.

‘మేము షార్ట్‌కట్ ఎప్పుడూ చేయలేదు’ అనేవాళ్లూ ఉంటారు. మీ ఫోల్డర్ పాతదైతే అది కూడా నిజమే కావచ్చు. ఒకప్పుడు డ్రైవ్‌లో ఒకే ఫైలును రెండు మూడు ఫోల్డర్లలో ఉంచే వీలుండేది. 2020 సెప్టెంబరు చివరి నుంచి గూగుల్ ఆ వీలు తీసేసింది. ఆ తర్వాత 2022లో, అంతకుముందు పలుచోట్ల ఉన్న ఫైళ్లను ఒక్కచోటే ఉంచి, మిగతా చోట్ల తనే షార్ట్‌కట్లు పెట్టింది. 2015 నుంచీ వాడుతున్న ఫోల్డర్‌లో మీరు చేయని షార్ట్‌కట్లు ఉండటానికి కారణం అదే.

దీనికి మూడు దారులున్నాయి. ఏది ఎప్పుడు అన్నదే ముఖ్యం.

అన్నిటికంటే మంచిది, సొంతదారే అసలు ఫైలును ఫోల్డర్‌లోకి జరపడం. ముందు ఆ ఫోల్డర్ మీద తమ్ముడికి ఎడిటర్ హక్కు ఇవ్వండి, వ్యూయర్ చాలదు. అతను తన లాగిన్‌తో ఫైలు పక్కన మూడు చుక్కలు నొక్కి, ‘మూవ్’ ఎంచుకుని, ఈ ఫోల్డర్‌ను చూపించాలి. జరపగానే ఫోల్డర్‌లో ఉన్నవాళ్లందరి హక్కులూ ఫైలుకు వచ్చేస్తాయి. తర్వాత షార్ట్‌కట్‌ను తీసేయండి. షార్ట్‌కట్ తీసేస్తే అసలు ఫైలుకు ఏమీ కాదు, కానీ బాణం ఉన్నదాన్నే తీస్తున్నారో లేదో రెండుసార్లు చూసుకోండి.

తమ్ముడు తీరిక లేదంటే రెండో దారి కాపీ. అసలు ఫైలు తెరిచి ‘మేక్ ఎ కాపీ’ నొక్కి, వచ్చిన కాపీని ఫోల్డర్‌లోకి జరపాలి. పేరుకు ముందు ‘కాపీ ఆఫ్’ అని తగులుకుంటుంది, తీసేయండి. ఇక ఆ కాపీ మీ సొంతం, గూగుల్ మీకు ఉచితంగా ఇచ్చే 15 జీబీ చోటులో లెక్క. బాండు, సర్టిఫికెట్, పాస్‌బుక్ వంటి మారని కాగితాలకు ఇదే మేలు. ప్రీమియం తేదీలు, ఖర్చులు రాసుకునే షీట్లకు మాత్రం పొరపాటున కూడా వద్దు. అక్క ఒక కాపీలో, తమ్ముడు ఇంకో కాపీలో రాసుకుంటూ పోతారు. మార్చి నెలాఖరుకి ఏది సరైనదో ఇద్దరికీ తెలియదు.

మూడోది, సొంతదారు ఆ ఒక్క ఫైలును ఒక్కొక్కరికీ విడిగా షేర్ చేయడం. పనిచేస్తుంది గానీ, రేపు కొత్త కోడల్ని ఫోల్డర్‌లో చేర్చిన రోజున మళ్లీ ఇదే గొడవ.

సొంతదారు ఎవరన్నది ఊరికే అడిగే ప్రశ్న కాదు. సొంతదారు ఫైలును ట్రాష్‌లో పడేస్తే 30 రోజుల తర్వాత అది శాశ్వతంగా పోతుంది. అందరి ఫోల్డర్లలోనూ తెరుచుకోని షార్ట్‌కట్ మిగులుతుంది. రెండేళ్లు వాడని సొంత అకౌంట్లను తొలగించే నియమం కూడా గూగుల్‌కి ఉంది. షాపు కుర్రాడు తెరిచిన అకౌంటులోంచి ఎక్కించిన కాగితాలకు ఇది నిజమైన ముప్పు. ముఖ్యమైనవి ఇంట్లో రోజూ మెయిల్ చూసే ఒకరి పేరు మీద ఉండాలి. కంప్యూటర్లో షేర్ పెట్టెలో ఆ మనిషి పేరు పక్కన ‘ట్రాన్స్‌ఫర్ ఓనర్‌షిప్’ ఉంటుంది. అవతలివాళ్లు మెయిల్‌లో ఒప్పుకుంటేనే అది పూర్తవుతుంది, ఆ మెయిల్ తెరవకపోతే ఫైలు పాత పేరు మీదే ఉండిపోతుంది.

అంతా అయ్యాక పరీక్ష మీ ఫోన్‌లో చేయొద్దు. అమ్మ ఫోన్ తీసుకుని ఫోల్డర్‌లో ప్రతి ఫైలూ ఒక్కసారి తెరవండి.

ఎక్కించిన ఫైలు గంటలుగా తిరుగుతూనే ఉంది

ఇంట్లో వైఫై ఉందా? డ్రైవ్ యాప్ సెట్టింగ్స్‌లో ‘ట్రాన్స్‌ఫర్ ఫైల్స్ ఓన్లీ ఓవర్ వైఫై’ అని ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే మొబైల్ డేటా ఎంత బాగున్నా ఫైలు కదలదు. ఆపేయండి, చాలు.

అది కాకపోతే 15 జీబీ నిండిపోయి ఉంటుంది. జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడింటికీ కలిపే ఆ చోటు. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా 2024 నుంచి ఇందులోనే లెక్క. గుడ్ మార్నింగ్ వీడియోలన్నీ బ్యాకప్‌లోకి పోతున్న ఫోన్‌లో పాస్‌బుక్ స్కాన్‌కి చోటు మిగలదు. వాట్సాప్ చాట్ బ్యాకప్‌లో ‘ఇన్‌క్లూడ్ వీడియోస్’ తీసేస్తే తర్వాతి బ్యాకప్ నుంచి బరువు తగ్గుతుంది. ఒక సంగతి గుర్తుంచుకోండి: ఫోల్డర్ ఎవరిదైనా, ఎక్కించినవాళ్ల చోటే ఖర్చవుతుంది. కాబట్టి ఎక్కించలేకపోతున్నవాళ్ల అకౌంటులో ఖాళీ ఎంతుందో చూడాలి, ఫోల్డర్ సొంతదారుది కాదు.

షీట్‌లో ఖాతా నంబరు దానంతటదే మారిపోయింది

మారడం కాదు, కోతపడింది. గూగుల్ షీట్స్ సంఖ్యలో 15 అంకెల దాకానే సరిగ్గా పట్టుకుంటుంది. 1234567890123456 కొడితే చివరి 6 పోయి 0 వస్తుంది. 16 అంకెల ఖాతా నంబర్లున్న బ్యాంకుల వాళ్లందరికీ ఇదే దెబ్బ. ముందు సున్నాలున్న నంబరుకైతే ఆ సున్నాలు ఎగిరిపోతాయి.

నంబర్లు కొట్టకముందే ఆ నిలువు వరుసను ఎంచుకుని ‘ఫార్మాట్’, ‘నంబర్’, ‘ప్లెయిన్ టెక్స్ట్’ పెట్టండి. కొట్టేశాక ఫార్మాట్ మారిస్తే పోయిన అంకె తిరిగి రాదు. పాస్‌బుక్ ముందు పెట్టుకుని మళ్లీ కొట్టాల్సిందే. ఒకటి రెండు గడులే అయితే నంబరుకు ముందు ఒక కొస గుర్తు, అంటే కీబోర్డు మీది సింగిల్ కోట్, పెడితే సరిపోతుంది.

తేదీలదీ ఇలాంటి తంటాయే. షీట్ అమెరికా లొకేల్‌లో (తేదీలు ఏ దేశం పద్ధతిలో చదవాలో చెప్పే సెట్టింగ్) ఉంటే 05/08/1962 అన్నది మే 8 అయిపోతుంది. 25/08/1962 మాత్రం తేదీగానే గుర్తించదు, 25వ నెల లేదు కదా. కనిపెట్టడం తేలిక: తేదీగా తీసుకున్నవి గడిలో కుడివైపు, తీసుకోనివి ఎడమవైపు ఉంటాయి. ఒకే నిలువు వరుసలో కొన్ని కుడికి, కొన్ని ఎడమకి ఉంటే కుడివైపువాటినే అనుమానించండి. ‘ఫైల్’, ‘సెట్టింగ్స్’లో లొకేల్ ఇండియాగా మార్చి, ఆ తేదీలు మళ్లీ కొట్టండి. లొకేల్ మార్చినంత మాత్రాన మే 8 ఆగస్టు 5 అవదు, 08/05గా కనిపిస్తుందంతే.

అన్నట్టు, ఈ షీట్‌లో ఏటీఎం పిన్నులు, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డులు రాసుకున్నవాళ్లు ముందు వాటిని తీసేసి, తర్వాత మిగతాది సరిచేసుకోండి. తీసేసినా వెర్షన్ హిస్టరీలో (పాత మార్పుల చిట్టాలో) పాతవి కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి ఆ పిన్నులు కూడా మార్చేయండి.

మీసేవ కౌంటర్ దగ్గర తెరుచుకోవడం లేదు

సిగ్నల్ లేదు, అంతే. బయల్దేరే ముందు ఇంట్లోనే ఆ ఫైలు మూడు చుక్కల్లో ‘మేక్ అవైలబుల్ ఆఫ్‌లైన్’ నొక్కుకోండి.

మిగతావి

ఫోల్డర్‌లోంచి ఫైలు మాయమైతే, కంప్యూటర్లో ఫోల్డర్ వివరాల్లో ‘యాక్టివిటీ’ చూడండి, ఎవరు తీశారో పేరుతో సహా ఉంటుంది. షేర్ చేసింది ఆఫీసు మెయిల్‌కైతే బయటి ఫైళ్లను ఆ కంపెనీ ఆపేసి ఉండొచ్చు, సొంత జీమెయిల్‌కి షేర్ చేయండి. గూగుల్ సర్వర్లు పడిపోయాయేమో అన్న అనుమానం చాలామందికి ముందు వస్తుంది. అలా జరగకపోదు గానీ బహు అరుదు. జరిగితే మీ ఒక్క ఫైలే కాదు, జీమెయిల్ కూడా మొరాయిస్తుంటుంది.